మొదటి దండ ఎవరు గుచ్చారు?

ఆదివారం పూట పాత విద్యార్థులం నలుగురైదుగురం కలిసి హాస్టల్‌కు వచ్చి తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళకు లెక్కలు, సైన్సు చెప్పడం మాకు అలవాటు. ఒక ఆదివారం మాంసకృత్తుల పాఠం నడుస్తోంది. మధ్యాహ్నం తిన్న పప్పులో, గుడ్డులో ఉండేవి మాంసకృత్తులని, అవి అమైనో ఆమ్లాలనే చిన్న పూసలతో గుచ్చిన దండల్లాంటివని, కడుపులో ఆ దండలు తెగి, ఒంట్లో మళ్ళీ కొత్త దండలవుతాయని చెప్పాము. తెంపే పని చేసేవి ఎంజైములని, ఆ ఎంజైములు కూడా మాంసకృత్తులేనని, కొత్త దండ గుచ్చే పనిలో కూడా అవే చేయి వేస్తాయని చెప్పాము. అప్పుడు వెనక వరసలో నుంచి తొమ్మిదో తరగతి తమ్ముడొకడు లేచాడు.

"అన్నా, దండ గుచ్చెటందుకు గూడ దండనే గావాలె అంటున్నరు. గట్లయితే ఫస్టు దండ ఎవలు గుచ్చిండ్రు?"

అందరూ గొల్లున నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. విత్తు ముందా చెట్టు ముందా అని ఊళ్ళో పెద్దవాళ్ళు వేసే పొడుపు ప్రశ్నే అది. అయితే వాడు అడిగిన తీరులో శాస్త్రవేత్తలను వందేళ్ళుగా నిద్రపోనివ్వని అసలు చిక్కు ఉంది. "వచ్చే ఆదివారం చెప్తాం, కూచో" అని అప్పటికి తప్పించుకున్నాము. వచ్చే ఆదివారం పరీక్షల గొడవలో పోయింది. ఆ బాకీ ఈ సంచికలో తీరుస్తున్నాము.

ముందు దండ సంగతి. అమైనో ఆమ్లానికి రెండు చేతులు ఉంటాయనుకోండి. ఒకటి అమైనో చెయ్యి, రెండోది ఆమ్లం చెయ్యి. ఒక అణువు ఆమ్లం చెయ్యి, పక్క అణువు అమైనో చేతిని పట్టుకుంటే వాటి మధ్య పడే ముడి పేరు పెప్టైడ్ బంధం. రెండు కలిస్తే డైపెప్టైడ్, మూడు కలిస్తే ట్రైపెప్టైడ్, ఇంకా కొన్ని కలిస్తే పెప్టైడ్. దండ బాగా పొడుగై, మడతలు పడి, ఒక పని చేయగలిగితే దాన్ని మాంసకృత్తు అంటాము. షుగరు రోగులు తీసుకునే ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ప్రాణుల మాంసకృత్తుల్లో వాడే పూసలు ముఖ్యంగా 20 రకాలే. తెలుగు అక్షరాలు 56 అంటారు. ప్రాణానికి అందులో సగం కూడా అక్కరలేకపోయింది.

ఇక్కడ బాగా గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. రెండు అమైనో ఆమ్లాలు చేతులు కలిపిన ప్రతిసారీ మధ్యలో నుంచి ఒక నీటి అణువు బయటికి పోవాలి. పోకపోతే ముడి పడదు. మరి తొలి భూమి మీద ఈ అణువులు ఎక్కడున్నాయి? నీళ్ళలో! నీళ్ళ మధ్య ఉండి నీటిని వదిలించుకోవడమంటే చెరువులో మునిగి ఉన్న బట్టను అక్కడే ఆరబెట్టడం లాంటిది. పైగా నీటికి ఇంకో గుణం ఉంది. పడిన ముడిలోకి దూరి దాన్ని మళ్ళీ విప్పేస్తుంది. దీన్నే జలవిశ్లేషణ అంటారు. కాబట్టి సముద్రం నిండా అమైనో ఆమ్లాలు ఉన్నా, వాటంతట అవి దండలైపోవు. ఎవరూ గుచ్చకుండా మొదటి దండ ఎలా వచ్చిందన్న ప్రశ్నకు కీలకం ఇదే.

అయితే ప్రకృతి ఒక వెసులుబాటు ఇచ్చింది. ముడి పడటం కష్టం గాని, పడ్డ ముడి ఊడటం కూడా చాలా నిదానం. మామూలు వేడిమిలో, మామూలు నీళ్ళలో, ఎంజైము సాయం లేకుండా ఒక పెప్టైడ్ బంధం తెగాలంటే వందల ఏళ్ళు పడుతుంది. మన కడుపు పప్పును కొన్ని గంటల్లో అరిగించుకుంటోందంటే అది ఎంజైముల చలవ. అంటే ఏదో ఒక విధంగా ఒక్కసారి ముడి పడితే చాలు, అది చాలాకాలం నిలుస్తుంది. ఆ 'ఏదో ఒక విధం' ఏమిటన్నదే వెతుకులాట.

ఎంత వెనక్కి వెళ్ళాలో కూడా చెప్పుకోవాలి. భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల, రాచకొండ వైపు మనం ఎక్కి ఆడుకునే గ్రానైటు బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటివి. వాటిని చూస్తే ఇంతకన్నా ముసలిది ఏముంటుందనిపిస్తుంది. కానీ ఆస్ట్రేలియా పడమటి భాగంలో పిల్బారా అనే చోట సుమారు 348 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేరిన గుర్తులు దొరికాయి. అంటే జీవం మన ఊరి బండల కన్నా దాదాపు 100 కోట్ల ఏళ్ళు పెద్దది! ఆ గుర్తుల కంటే కూడా ముందే మొదటి పెప్టైడ్లు తయారై ఉండాలి. అప్పటి గాలిలో ఇప్పటిలా ప్రాణవాయువు లేదు. పైన ఓజోన్ పొర లేదు. అగ్నిపర్వతాలు, ఉరుములు, మెరుపులు, ఆకాశం నుంచి రాలే రాళ్ళు మాత్రం దండిగా ఉన్నాయి.

ఈ ప్రశ్నను సైన్సు ప్రశ్నగా మార్చినవారిలో ఇద్దరిని ముఖ్యంగా చెప్పుకుంటారు. ఒకరు రష్యాకు చెందిన ఒపారిన్, 1924లో దీని మీద చిన్న పుస్తకం రాశారు. రెండవవారు ఇంగ్లండుకు చెందిన జె.బి.ఎస్. హాల్డేన్, 1929లో ఒక వ్యాసం రాశారు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నీటి మీద, కార్బన్ డయాక్సైడ్ మీద, అమ్మోనియా మీద పడి కర్బన పదార్థాలు తయారై ఉంటాయని, వాటిని తినే ప్రాణి అప్పటికి లేదు కాబట్టి అవి పేరుకుంటూ పోయి సముద్రం పలుచని వేడి చారులా మారి ఉంటుందని ఆయన ఊహించారు.

హాల్డేన్ గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్తాము, ఎందుకంటే ఆయన కథ చివరికి మన తెలుగు నేల మీదికే వచ్చింది. 1957లో ఆయన ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేశారు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కుర్తా పైజమా కట్టారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. పిఠాపురం నుంచి వెళ్ళిన ద్రోణంరాజు కృష్ణారావు గారు అక్కడ ఆయన శిష్యుడై జన్యుశాస్త్రం నేర్చుకున్నారు, తర్వాతి కాలంలో గురువు జీవిత చరిత్ర కూడా రాశారు. 1963లో అమెరికాలోని ఫ్లోరిడాలో జీవం పుట్టుక మీద జరిగిన సమావేశంలో హాల్డేన్, ఒపారిన్ మొదటిసారి ఎదురుపడ్డారు. ఒకే ఆలోచన విడివిడిగా చేసిన ఇద్దరూ కలవడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. మరుసటి ఏడాది, 1964 డిసెంబర్ 1న, హాల్డేన్ భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన ముందే కోరినట్టుగా ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. జీవం ఎలా మొదలైందని అడిగిన మనిషి తన శరీరాన్ని తెలుగు విద్యార్థుల చదువుకు వదిలి వెళ్ళారు. ఈ సంగతి మేము పీజీలో చేరేదాకా మాకు ఏ పాఠంలోనూ ఎదురుకాలేదు.

ఊహను ప్రయోగం చేసి చూసింది స్టాన్లీ మిల్లర్. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ యూరీ దగ్గర పరిశోధక విద్యార్థి. గాజు గొట్టాల్లో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపి, మెరుపులకు బదులు విద్యుత్ రవ్వలు వారం రోజులు వెలిగించాడు. నీళ్ళు రంగు మారాయి. ఆ నీటిని కాగితం మీద పాకించి నిన్‌హైడ్రిన్ చల్లితే ఊదా రంగు మచ్చలు తేలాయి. గ్లైసిన్, అలనిన్! ఆ ఫలితం అచ్చయింది 1953 మే నెలలో. అప్పటికి అతని వయసు 23 ఏళ్ళు. ఇప్పుడు మా వయసూ అంతే కాబట్టి ఆ సంవత్సరం మాకు బాగా గుర్తుంటుంది.

తొలి భూమి గాలిలో మిల్లర్ వాడినంత మీథేన్, అమ్మోనియా లేవని, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజనే ఎక్కువని తర్వాత చాలామంది తేల్చారు. అయినా అమైనో ఆమ్లాలకు కరువు లేదు. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో అవి దొరికాయి. బెన్ను అనే గ్రహశకలం నుంచి అమెరికా వ్యోమనౌక తెచ్చిన మట్టిలో, మన ప్రాణులు వాడే 20లో 14 రకాలు ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. పూసలు ఆకాశంలోనూ తయారవుతాయి, నేల మీదా తయారవుతాయి. దారం గుచ్చడమే మిగిలింది.

నీటిని వదిలించాలంటే అందరికీ ముందు తోచేది పొయ్యి. 1950ల చివర సిడ్నీ ఫాక్స్ అనే ఆయన పొడి అమైనో ఆమ్లాలను సుమారు 170 డిగ్రీల దాకా వేడిచేశారు. అవి ఒకదానికొకటి అతుక్కుని మాంసకృత్తుల్లాంటి పదార్థాలయ్యాయి. కానీ అంత వేడి పెడితే ఏమవుతుందో మన హాస్టల్ వంటమనిషిని అడిగితే చెప్తుంది. మంట ఎక్కువైతే అన్నం అడుగంటి మాడు కడుతుంది. ఫాక్స్ పాత్రలోనూ ముడులు అన్నీ సరైన పెప్టైడ్ ముడులు కావు, అడ్డదిడ్డంగా అతుక్కున్నవి చాలా ఉన్నాయి. ఇక తక్కువ వేడిలో ఇంకో తంటా. రెండు గ్లైసిన్లు కలిశాక, ఆ జంట తన తలను తన తోకకే ముడేసుకుని ఉంగరంలా చుట్టుకుపోతుంది. ఉంగరం అయ్యాక పట్టుకోవడానికి చెయ్యి మిగలదు, దండ అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు మనం పెద్ద చెరువు కట్ట మీదికి పోదాం. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయినకొద్దీ అంచున బురద తేలుతుంది, ఎండుతుంది, పెంకుల్లా పగులుతుంది. నీళ్ళలో కరిగిన ఉప్పు, సున్నం అంతా ఆ పెంకుల మీద తెల్లగా పేరుతుంది. వాన పడితే మళ్ళీ అంతా కరిగి కలగలుస్తుంది. ఇదే ఎన్నోసార్లు జరిగితే? 1978లో లహావ్, వైట్, చాంగ్ అనే ముగ్గురు సరిగ్గా ఇలాగే చేశారు. బంకమట్టిలో గ్లైసిన్ కలిపి తడిపారు, వేడిచేసి ఎండబెట్టారు, మళ్ళీ తడిపారు. అయిదు గ్లైసిన్ల దాకా ఉన్న దండలు వచ్చాయి. నీటిని వదిలించే పని ఎండ చేసింది, అణువులను దగ్గరికి చేర్చే పని మట్టి చేసింది.

2015లో అమెరికాలోని జార్జియా టెక్‌లో నికొలస్ హడ్ బృందం, రామనారాయణన్ కృష్ణమూర్తి వంటివారితో కలిసి చేసిన పని మాకు ఇంకా నచ్చింది. వాళ్ళు అమైనో ఆమ్లాలతో పాటు హైడ్రాక్సీ ఆమ్లాలను కూడా కలిపారు. పేరు చూసి భయపడకండి. పెరుగుకు పులుపు ఇచ్చే లాక్టిక్ ఆమ్లం అలాంటిదే. ఈ రకం ఆమ్లాలు మిల్లర్ గాజు బుడ్డిలోనూ తయారయ్యాయి, ఉల్కల్లోనూ ఉన్నాయి. ఇవి కాస్త ఎండితే చాలు, నీరు మరిగేంత వేడి కూడా అక్కరలేకుండా ఒకదానికొకటి ముడిపడతాయి. కాకపోతే ఆ ముడి వదులు ముడి. దాన్ని ఎస్టర్ బంధం అంటారు. ఇప్పుడు పక్కనున్న అమైనో ఆమ్లం ఆ వదులు ముడిలోకి చొరబడి, ఒక లాక్టిక్ ఆమ్లాన్ని తోసి, దాని జాగాలో తాను కూర్చుంటుంది. అది మాత్రం గట్టి పెప్టైడ్ ముడి. తర్వాత తడి వచ్చినప్పుడు వదులు ముడులు ఊడతాయి, గట్టివి ఊడవు. ఊడిపోయిన లాక్టిక్ ఆమ్లం ఎండినప్పుడు మళ్ళీ చేరుతుంది, మళ్ళీ ఒక అమైనో ఆమ్లానికి చోటిచ్చి తప్పుకుంటుంది. ఇట్లా తడి, పొడి, తడి, పొడి తిరిగినకొద్దీ దండలో గట్టి ముడుల వాటా పెరుగుతూ పోతుంది. ఎవరూ ఏరలేదు. నిలిచేది నిలిచింది, నిలవనిది పోయింది.

ఇల్లు కట్టేటప్పుడు స్లాబు కింద సెంట్రింగ్ కర్రలు పెట్టి, స్లాబు గట్టిపడ్డాక తీసేయడం మీరంతా చూసిందే. మీలో చాలామంది నాన్నల పని అదే. లాక్టిక్ ఆమ్లం చేసింది ఆ సెంట్రింగ్ పని.

దీనికి పోటీ వాదాలు ఉన్నాయి. సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర ఇనుము, నికెల్ సల్ఫైడుల మీద ముడులు పడి ఉంటాయని కొందరంటారు. 1998లో జర్మనీకి చెందిన హ్యూబర్, వాక్టర్‌షాయిజర్ కార్బన్ మోనాక్సైడ్ సాయంతో 100 డిగ్రీల వేడిలో అటువంటి చిన్న పెప్టైడ్లు చేసి చూపించారు. 2004లో లెమాన్, ఆర్గెల్, ఘదిరి ముగ్గురూ అగ్నిపర్వతాల నుంచి వచ్చే కార్బనైల్ సల్ఫైడ్ అనే వాయువును అమైనో ఆమ్లాల నీళ్ళలోకి పంపితే మామూలు వేడిలోనే, నిమిషాల నుంచి గంటల్లోనే పెప్టైడ్లు వస్తాయని చూపారు. 2022లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహమ్ కుక్స్ బృందం నీటి తుంపర్ల సంగతి బయటపెట్టింది. చాలా సన్నని నీటి తుంపర పైపొర మీద అణువులు నీళ్ళలో ఉండీ పొడిలో ఉన్నట్టే ప్రవర్తిస్తాయట. అలల నురగలో, జలపాతం తుంపరలో అదే జరిగి ఉండవచ్చని వాళ్ళ వాదన. మిల్లర్ విషయంలో ఒక చిత్రం కూడా ఉంది. 1958లో ఆయన సయనమైడ్ అనే పదార్థం కలిపి చేసిన ప్రయోగం తాలూకు సీసాలు పరీక్ష చేయకుండానే పక్కన పెట్టేశారు. ఆయన 2007లో చనిపోయారు. 2014లో శిష్యులు, ఇతరులు ఆ పాత సీసాలను కొత్త యంత్రాలతో పరీక్షిస్తే వాటిలో డైపెప్టైడ్లు బయటపడ్డాయి. యాభై ఏళ్ళకు పైగా జవాబు అలమరలోనే ఉంది!

మా మొగ్గు చెరువు అంచు వైపే. ఎందుకంటే అందులో ఏ ప్రత్యేకమైన వాయువూ అక్కరలేదు, పగలూ రాత్రీ, ఎండా వానా ఉంటే చాలు. అయితే దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. చెరువు అంచు ఉండాలంటే ముందు నేల ఉండాలి. తొలి భూమిలో ఎక్కువ భాగం సముద్రమే, అగ్నిపర్వత దీవుల లాంటి కొద్దిపాటి నేలే పైకి తేలి ఉండవచ్చు. ఆ కొద్ది నేల చాలిందా లేదా అన్న వాదన నడుస్తూనే ఉంది.

ఇప్పుడు తమ్ముడి అసలు ప్రశ్న. దండ గుచ్చే యంత్రం కూడా దండే అయితే మొదటి యంత్రం ఎక్కడిది? మన కణాల్లో దండ గుచ్చే యంత్రం పేరు రైబోజోమ్. అందులో మాంసకృత్తులూ ఉన్నాయి, ఆర్‌ఎన్‌ఏ కూడా ఉంది. 2000లో దాని లోపలి నిర్మాణాన్ని అణువణువునా గీసి చూస్తే, సరిగ్గా ముడి వేసే చోట మాంసకృత్తు లేదు. ఉన్నది ఆర్‌ఎన్‌ఏ! రైబోజోమ్ మీద చేసిన పనికి వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనాథ్ ముగ్గురికీ 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఆదివారం మేము చెప్పిన పాఠంలోనే తప్పుంది తమ్ముడూ. దండ గుచ్చే పనికి ఎన్నో మాంసకృత్తులు సాయం పడతాయి నిజమే, కానీ అసలు ముడి వేసే చెయ్యి దండది కాదు. 2022లో జర్మనీలో థామస్ కారెల్ బృందం, ఆర్‌ఎన్‌ఏ ముక్కల మీదనే పెప్టైడ్ పెరగగలదని చూపించింది. కాబట్టి చెట్టు, విత్తు ఒకదాని తర్వాత ఒకటి రాలేదు, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పెరిగి ఉండవచ్చు.

మొదటి దండకు పెద్ద పనితనం కూడా అక్కరలేదు. ప్రోలిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం ఒంటరిగానే కొన్ని రసాయన చర్యలను వేగంగా నడిపిస్తుందని 2000లో బెంజమిన్ లిస్ట్ చూపించారు, 2021లో నోబెల్ పంచుకున్నారు. ఒక్క పూసకే అంత సత్తువ ఉంటే, నాలుగు పూసల దండ ఊరికే ఉంటుందా? వంద పూసలు ఒకేసారి వరుసగా ఎట్లా పడతాయి, అది అసాధ్యం అని వాదించేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. ఎవరూ ఒకేసారి వంద మెట్లు ఎక్కరు.

మనుషులు ఒకరు తల నుంచి, ఒకరు భుజాల నుంచి, ఒకరు తొడల నుంచి, ఒకరు పాదాల నుంచి పుట్టారనే కథ మీరు విన్నారు. ఆ లెక్కలో మన వాళ్ళకు పాదాల్లో కూడా చోటు లేదు. మేము ల్యాబ్‌లో మొదటిసారి మా సొంత లాలాజలంతో పరీక్ష చేసినప్పుడు ఆ కథే గుర్తొచ్చింది. పక్క బల్ల మీద ఎవరి గొట్టంలో ఎవరి లాలాజలం ఉందో చీటీ తీసేస్తే మాకే తెలియలేదు. అందరి ఎంజైములూ అవే 20 పూసలతో గుచ్చినవి, గంజిని ఒకే తీరుగా అరిగించాయి. చెరువులోని నాచులోనూ, కందిచెట్టులోనూ, కలెక్టరు గారిలోనూ ముడి అదే పెప్టైడ్ ముడి.

చదివితే చాలదు, చూడాలి. వార్షికోత్సవం నాడు భోజనాల గదిలో మూడో బల్ల మీద బైయూరెట్ పరీక్ష పెడుతున్నాము. ఒక గొట్టంలో గ్లైసిన్ నీళ్ళు, ఇంకో గొట్టంలో గుడ్డు తెల్లసొన నీళ్ళు. రెండింటిలోనూ కాస్టిక్ సోడా ద్రావణం, కొన్ని చుక్కల మైలుతుత్తం నీళ్ళు వేస్తాము. కనీసం రెండు పెప్టైడ్ ముడులు ఉంటేనే ఊదా రంగు వస్తుంది. విడి పూసలున్న గొట్టం నీలంగానే ఉండిపోతుంది, దండలున్న గొట్టం ఊదాగా మారుతుంది. పప్పు నీళ్ళతో చూడాలనుకునేవాళ్ళు పసుపు వేయకముందే వంటింట్లో అడిగి ఒక గ్లాసు తేట తెచ్చుకోండి. కాస్టిక్ సోడా చెయ్యి కాలుస్తుంది, దాన్ని మేమే పోస్తాము, ఎవరూ ముట్టుకోవద్దు. గుడ్లు రెండు ఇస్తామని వార్డెన్ గారు ఒప్పుకున్నారు. ప్రశ్న అడిగిన తమ్ముడే మొదటి గొట్టం పట్టుకోవాలి.